నరాల వైద్యంలో రికార్డు పాఠాలు: సాల్‌పెట్రియేర్ నుంచి సెల్‌ఫోను దాకా

నరాల జబ్బుల్లో రోగిని చూడటంతోనే సగం పరీక్ష అయిపోతుంది. కాలు ఈడ్చి వేస్తున్నాడా, అర్ధచక్రంలా తిప్పి వేస్తున్నాడా? చెయ్యి ఒళ్లో పెట్టుకున్నప్పుడు వణుకుతోందా, గ్లాసు అందుకోబోయినప్పుడు వణుకుతోందా? కనుగుడ్డు పక్కకు సాఫీగా తిరుగుతోందా, కుదుపులతో తిరుగుతోందా? ఇవన్నీ కదలికలు. బొమ్మ గీస్తే ఆగిపోతాయి, మాటల్లో చెబితే సగం జారిపోతాయి. అందుకే సంక్షిప్తలిపి, ఫొటో, సినిమా, టేపు, వీడియో క్యాసెట్టు, ఇంటర్నెట్టు, ఇలా ఏ సాధనం వచ్చినా నరాల వైద్యులు తొందరగా అందుకున్నారు. పట్టా పుచ్చుకుని ప్రాక్టీసులో కుదురుకున్న డాక్టరు మళ్లీ చదువుకోవడాన్ని ఇప్పుడు నిరంతర వైద్య విద్య అంటున్నారు, వాడుకలో సీఎంఈ. న్యూరాలజీ సీఎంఈలో రికార్డు పాఠాలకు అంత చోటు దొరకడం వెనక నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో గురువు మాటను దాచే పని ఒకటి, రోగి కదలికను దాచే పని ఒకటి కలిసి సాగాయి. మాట త్వరగా చెల్లిపోయింది. కదలిక మాత్రం ఇప్పటికీ పనికొస్తోంది. కోర్సులు తయారుచేసేవాళ్లు ఈ తేడాను తగినంతగా పట్టించుకోలేదనే చెప్పాలి.

మొదటి మజిలీ పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రి. దిక్కులేని వృద్ధురాళ్లు, మూర్ఛ రోగులు, మతిస్థిమితం తప్పినవాళ్లు వేల సంఖ్యలో తలదాచుకున్న ఆ ఆడవాళ్ల ఆసుపత్రిలో జాన్ మార్టిన్ షార్కో 1862లో వైద్యుడిగా చేరాడు. 1882లో నాడీమండల వ్యాధుల ఆచార్య పీఠం ఆయనకు దక్కింది. శుక్రవారం పాఠాన్ని ముందుగా రాసి, సరిచూసుకుని చెప్పేవాడు. మంగళవారం పద్ధతి వేరు. ఆ రోజు ఓపీకి వచ్చినవాళ్లలోంచి, తాను అంతకుముందు చూడనివాళ్లను సభలోకి పిలిపించి, అందరి ఎదుటే ప్రశ్నలు వేసి, అక్కడికక్కడే ఆలోచిస్తూ నిర్ధారణకు వచ్చేవాడు. డాక్టరు అడిగిందీ, రోగి చెప్పిందీ, మధ్యలో దారి మారిన ఊహలూ అన్నీ ముగ్గురు శిష్యులు రాసుకున్నారు. వారిలో ఒకడు షార్కో కొడుకు జాన్ బతిస్త్. తర్వాతి కాలంలో ధ్రువ ప్రాంతాల అన్వేషకుడిగా పేరు పొందింది ఇతనే. 1887-88, 1888-89 సంవత్సరాల మంగళవారం పాఠాలు పుస్తకాలుగా వచ్చాయి. సంభాషణ సంభాషణగానే నిలిచిన ఆ పుటలు చదువుతుంటే డాక్టరు బుర్రలో లెక్క ఎలా నడిచిందో తెలుస్తుంది. రికార్డు పాఠానికి అంతకంటే మంచి తొలి నమూనా దొరకదు.

సభలో వెనక వరసలో కూర్చున్నవాళ్లకు వణుకు కనపడాలని షార్కో రోగుల తలలకు పొడుగాటి ఈకలున్న టోపీలు పెట్టించేవాడట. ఈక కొన ఊగే తీరును బట్టి ఏ వణుకు ఏదో వేరు చేసి చూపేవాడు. తెర మీద బొమ్మలు వేసి పాఠం చెప్పిన తొలితరం అధ్యాపకుల్లోనూ ఆయన ఒకడు. ఆసుపత్రిలోనే ఫొటో విభాగం నడిచింది, ఆల్బర్ లోండ్ అక్కడ ఛాయాగ్రాహకుడిగా పనిచేశాడు. 1885-86 శీతకాలంలో వియన్నా నుంచి వచ్చి ఆ సభలో కూర్చున్న సిగ్మండ్ ఫ్రాయిడ్ తిరిగి వెళ్లి షార్కో పాఠాలను జర్మన్‌లోకి అనువదించాడు. పారిస్ రాలేని వైద్యుడు గురువు పాఠాన్ని తన ఊళ్లో కూర్చుని చదువుకోవడం అలా మొదలైంది.

ఇన్నేళ్ల తర్వాత ఆ పాఠాల్లో ఏవి నిలిచాయో చూడాలి. మల్టిపుల్ స్క్లెరోసిస్, ఏఎల్ఎస్ జబ్బుల గురించి ఆయన చూపిన లక్షణాలు నిలిచాయి. హిస్టీరియా మీద, హిప్నాటిజం మీద కట్టిన సిద్ధాంతం 1893లో ఆయన చనిపోయాక ఎక్కువ కాలం నిలవలేదు.

లండన్‌లో పాఠాలను దాచే పని కలంతో జరిగింది. క్వీన్ స్క్వేర్‌లోని నేషనల్ ఆసుపత్రిలో పనిచేసిన విలియం గవర్స్‌కు పిట్‌మన్ సంక్షిప్తలిపి అంటే వల్లమాలిన ఇష్టం. కేసు షీట్లు అందులోనే రాసేవాడు, శిష్యులనూ నేర్చుకోమని పోరేవాడు. 1894లో సంక్షిప్తలిపి వాడే వైద్యుల సంఘం ఏర్పడితే దాని ముందువరసలో నిలిచినవాడు ఆయనే. క్లినికల్ పాఠాలను సంక్షిప్తలిపిలోనే అచ్చువేసే పత్రికను కూడా ఆ సంఘం నడిపింది. రెండు సంపుటాలుగా 1886, 1888 సంవత్సరాల్లో వచ్చిన ఆయన నాడీవ్యాధుల గ్రంథం చాలాకాలం వైద్యులకు దారిచూపింది. కండరాల క్షీణత ఉన్న పిల్లవాడు నేల మీంచి లేచేటప్పుడు చేతులు ముందు మోకాళ్ల మీద, తర్వాత తొడల మీద ఆన్చి, తన ఒంటినే తాను ఎక్కుతున్నట్టుగా నిలబడతాడు. 1879లో అచ్చయిన ఒక క్లినికల్ పాఠంలో గవర్స్ దీన్ని వర్ణించాడు. ఇవాళ గుంటూరులోనైనా వరంగల్‌లోనైనా హౌస్ సర్జన్‌కు కూడా అది గవర్స్ సైన్‌గా తెలుసు.

సినిమా వచ్చాక పని మారిపోయింది. అంతకు ముందే, 1885లో, ఫిలడెల్ఫియాలో ఫ్రాన్సిస్ డెర్కమ్ అనే వైద్యుడు ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ చేత నడక తప్పిన రోగులను వరస ఫొటోలు తీయించాడు. లూమియేర్ సోదరుల ప్రదర్శన తర్వాత మూడేళ్లకే, 1898లో, షార్కో దగ్గర చదువుకుని బుఖారెస్ట్ తిరిగివెళ్లిన గియోర్గే మరినెస్కు నల్లని తెర ముందు రోగులను నడిపించి చిత్రాలు తీయడం మొదలుపెట్టాడు. 1901 దాకా సాగిన ఆ పనిలో పక్షవాతం వచ్చినవాళ్ల నడక, తూలే నడక, హిస్టీరియా వల్ల చచ్చుబడ్డ కాలు ఉన్నాయి. ఫిల్ములోని ఒక్కొక్క చట్రాన్నీ గీతబొమ్మగా దింపి, అడుగు ఎక్కడ లేచిందో, ఎక్కడ ఆగిందో వ్యాసాల్లో చూపాడు. బెల్జియంలో ఆర్థర్ వాన్ గెహుక్టెన్ 1905 నుంచి తన తరగతుల కోసం రోగులను చిత్రించాడు. అదే ఏడు అమెరికాలో వాల్టర్ చేజ్ న్యూయార్క్ రాష్ట్రంలోని మూర్ఛరోగుల కాలనీలో కెమెరా సిద్ధంగా ఉంచుకుని, ఫిట్స్ వచ్చేదాకా కాచుకుని, చిత్రాలు తీశాడు. ఫిట్స్ నిమిషాల్లో ముగిసిపోతుంది. వైద్యుడు వచ్చేసరికి రోగి నిద్రలో ఉంటాడు, చూసినవాళ్లు కంగారులో చెప్పే మాటలే ఆధారం. మొదలు నుంచి చివరిదాకా ఒక ఫిట్స్‌ను తీరిగ్గా, పదేపదే చూడగలగడం వైద్య విద్యకు అంతవరకూ లేని వరం. 1908లో ఇటలీలోని ట్యూరిన్‌లో కామిల్లో నెగ్రో తీయించిన చిత్రంలో ఒక స్త్రీ ముఖానికి ముసుగు ఉంటుంది. రోగి ఎవరో తెలియకూడదన్న జాగ్రత్త అప్పటికే మొదలైందన్నమాట, అందరి విషయంలో కాకపోయినా.

ఈ వరసలో డెరెక్ డెన్నీ-బ్రౌన్‌ను ప్రత్యేకంగా తలచుకోవాలి. న్యూజిలాండ్‌లో పుట్టి, ఇంగ్లండులో తర్ఫీదు పొంది, 1941 నుంచి 1967 దాకా బోస్టన్ సిటీ ఆసుపత్రి న్యూరాలజీ విభాగాన్ని నడిపిన ఆయన ఆ పాతికేళ్లూ రోగులను సినిమా తీయిస్తూనే ఉన్నాడు. వార్డులో దొరికిన అరుదైన కదలికలు ఎన్నో ఫిల్ము మీదికెక్కాయి. దశాబ్దాల తర్వాత ఆ రీళ్లను వెతికి, శుభ్రం చేసి, డిజిటల్‌గా మార్చి న్యూరాలజీ విద్యార్థులకు అందించారు. పోలియో టీకాకు ముందటి కాలం, లెవోడోపాకు ముందటి కాలం, సీటీకి ముందటి కాలం ఆ చిత్రాల్లో ఉంది. మందు లేకుండా ముదిరిన పార్కిన్సన్స్ రోగి ఎలా నడిచేవాడో, విల్సన్స్ జబ్బు తీవ్రమైతే చేతులు ఎలా ఊగిపోయేవో చూడాలంటే ఇప్పటి డాక్టరుకు ఇలాంటి పాత ఫిల్ములే దిక్కు. వార్డులో అటువంటి రోగి ఇప్పుడు అరుదు, కనపడకపోవడమే మంచిది కూడా.

గొంతు రికార్డుల కథ ఇంకో దిక్కు నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొత్త మందులు వచ్చే వేగం పెరిగింది, ఊళ్లలో ఒంటరిగా ప్రాక్టీసు చేసే డాక్టరు వెనకబడుతున్నాడన్న బెంగ మొదలైంది. 1957లో ఇంగ్లండులో జాన్, వాలెరీ గ్రేవ్స్ అనే డాక్టరు దంపతులు జనరల్ ప్రాక్టీషనర్ల కోసం టేపుల మీద పాఠాలు రికార్డు చేసి పోస్టులో పంపే సేవ మొదలుపెట్టారు. టేపుతో పాటు స్లైడ్లు వెళ్లేవి. నలుగురు డాక్టర్లు సాయంత్రం ఒకచోట చేరి, టేపు పెట్టుకుని, స్లైడ్లు మార్చుకుంటూ వినేవారు, అది అయ్యాక చర్చించుకునేవారు. అమెరికాలో 1950ల్లోనే కాలిఫోర్నియా వైద్య సంఘం అండతో ఆడియో డైజెస్ట్ మొదలైంది. దాన్ని నెలకొల్పిన జెర్రీ పెటిస్ తర్వాత కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. సభల్లో పెద్ద వైద్యులు చెప్పిన ఉపన్యాసాలను కుదించి టేపులుగా అమ్మేవారు. 1963లో ఫిలిప్స్ సంస్థ చిన్న క్యాసెట్టును తెచ్చాక, కారులో టేప్‌రికార్డరు అమరాక, ఆసుపత్రికి పోయే దారే తరగతి అయింది.

విని నేర్చుకోగల సంగతులు న్యూరాలజీలో లేకపోలేదు. తలనొప్పుల వర్గీకరణ, మూర్ఛ మందుల మోతాదు, పక్షవాతం వచ్చిన గంటల్లో చేయాల్సిన పనులు చెవిన పడితే చాలు. వణుకు, నడక, కంటి కదలిక మాత్రం క్యాసెట్టులో పట్టవు. 1959లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో నరాల పరీక్షను రెండువైపులా మాట్లాడుకునే టీవీ ద్వారా వేరే భవనంలోని విద్యార్థులకు చూపారు. దూరవైద్యం చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఈ ప్రయోగాన్ని ప్రస్తావిస్తారు. అయినా సామాన్య డాక్టరు ఇంటికి బొమ్మ చేరడానికి వీసీఆర్ రావాల్సి వచ్చింది.

వీసీఆర్‌ను ఎవరూ వాడనంత బాగా వాడుకున్నది కదలికల జబ్బుల నిపుణులు. న్యూయార్క్‌లో స్టాన్లీ ఫాన్, లండన్‌లో డేవిడ్ మార్స్‌డెన్ కలిసి 1985లో మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీని స్థాపించారు. 1986లో మొదలైన వారి పత్రికతో పాటు చందాదారులకు వీడియో క్యాసెట్టు అందేది. వ్యాసంలో వర్ణించిన రోగిని వీసీఆర్‌లో చూసుకోవచ్చు. వైద్య పత్రిక కాగితం దాటి బయటికి రావడం అప్పటికి చాలా కొత్త. పేరు ఒకటే అయినా లండన్ డాక్టరు ‘డిస్టోనియా’ అన్నదీ న్యూయార్క్ డాక్టరు అన్నదీ ఒకటేనా అనే వాదం ఆ క్యాసెట్ల వల్ల తేలికైంది, ఇద్దరూ ఒకే రోగిని చూస్తున్నారు కాబట్టి. ఫాన్, మార్స్‌డెన్, జోసెఫ్ జాంకోవిక్ ఏటా వేసవిలో కొలరాడోలోని ఆస్పెన్‌లో నడిపిన కోర్సు కూడా వీడియోల చుట్టూనే తిరిగేది. 2007లో ఫాన్, జాంకోవిక్‌ల గ్రంథం డీవీడీతో సహా వచ్చింది. నరాల-కంటి జబ్బుల నిపుణులు యూటా విశ్వవిద్యాలయ గ్రంథాలయంతో కలిసి నోవెల్ పేరున ఉచిత వీడియో భాండాగారం నెలకొల్పారు. అదే విశ్వవిద్యాలయం నుంచి నరాల పరీక్షను మొదటి నుంచి చివరిదాకా చూపే వీడియోలు కూడా ప్రపంచమంతా వెళ్లాయి. వైద్య కళాశాలలో న్యూరాలజీ ఆచార్యులు లేని చోట ఆ వీడియోలే ఆచార్యులు.

ఇండియాకు అమెరికా నుంచి వీడియో క్యాసెట్లు రావడంలో ఒక చిన్న చిక్కు ఉండేది. అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. అక్కడి క్యాసెట్టు ఇక్కడి మామూలు వీసీఆర్‌లో పెడితే బొమ్మ చెదిరిపోతుంది. రెండు పద్ధతులూ చదివే వీసీఆర్ ఉంటేనే ఆ పాఠం నడిచేది.

ఇంతలో చదువు స్వచ్ఛందం నుంచి నిబంధనగా మారింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1968లో నిరంతర విద్యకు గుర్తింపు పత్రం ఇవ్వడం మొదలుపెట్టింది. 1971లో న్యూమెక్సికో రాష్ట్రం లైసెన్సు పునరుద్ధరణకు సీఎంఈని తప్పనిసరి చేసింది. కోర్సులు నడిపే సంస్థలకు అర్హత ఇచ్చే మండలి 1981లో ఏర్పడింది. న్యూరాలజీకి పెద్ద మలుపు 1994. ఆ ఏడు అక్టోబరు 1 నుంచి అమెరికా సైకియాట్రీ, న్యూరాలజీ బోర్డు జీవితకాలం చెల్లే ధ్రువపత్రం ఇవ్వడం మానేసి, పదేళ్ల గడువు పెట్టింది. ధ్రువపత్రం పొంది పదేళ్లయిన డాక్టరు మళ్లీ పరీక్ష రాయాల్సి వచ్చేది. మూర్ఛ క్లినిక్ నడుపుకునే డాక్టరుకు కండరాల జబ్బుల జన్యువులు గుర్తుండవు, పక్షవాతం నిపుణుడికి ఈఈజీ తరంగాలు మసకబారతాయి. అందరికీ అన్నీ ఒక వారంలో తిరగేసి చెప్పే రివ్యూ కోర్సులకు గిరాకీ పెరిగింది. హోటల్ హాలులో చెప్పిన ఉపన్యాసాలనే వీడియో తీసి, డీవీడీలుగా, తర్వాత ఆన్‌లైన్‌లో అమ్మడం వ్యాపారమైంది. ఒక్కో ఉపన్యాసం గంట లేదా అంతకు లోపు, స్లైడ్ల ప్రతి, చివర బహుళైచ్ఛిక ప్రశ్నలు, పాసైతే క్రెడిట్ గంటల పత్రం. ఇప్పటి రికార్డు కోర్సుల ఆకారం అక్కడ స్థిరపడింది. అమెరికాలో స్థిరపడిన తెలుగు న్యూరాలజిస్టులు, ఉస్మానియా, ఆంధ్ర, గుంటూరు, కాకతీయ వైద్య కళాశాలల నుంచి వెళ్లినవాళ్లు, ఈ దారిలోనే నడిచారు.

ఆ కోర్సులకు గడువు ఉంటుంది. మళ్లీ సమీక్షించకపోతే రికార్డు పాఠానికి మూడేళ్లు దాటి క్రెడిట్ ఇవ్వరు. ఎందుకో పక్షవాతం పాఠం చూస్తే తెలుస్తుంది. రక్తపు గడ్డను కరిగించే మందును 3 గంటల లోపు ఇస్తే ఉపయోగమని 1995లో తేలింది, మరుసటి ఏడు అమెరికాలో అనుమతి వచ్చింది. 2008లో ఒక పరిశోధన ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. 2015లో వరసగా వచ్చిన పరిశోధనలు గడ్డను తీగతో లాగి తీయడం పెద్ద రక్తనాళం మూసుకుపోయిన రోగికి మేలు చేస్తుందని నిరూపించాయి. 2018 నాటికి ఎంపిక చేసిన రోగుల్లో ఆ పని 24 గంటల దాకా చేయొచ్చని తెలిసింది. 1997లో రికార్డు చేసిన పక్షవాతం ఉపన్యాసాన్ని ఇవాళ వింటే రోగికి ప్రమాదం. అదే ఏడు తీసిన కొరియా (అదుపులేని కదలికల జబ్బు) రోగి వీడియోను చూస్తే ఏ ప్రమాదమూ లేదు, నేర్చుకోవాల్సింది ఇంకా ఉంది. అయినా క్రెడిట్ లెక్కకట్టేది ఉపన్యాసం గంటలకే. రోగుల వీడియోలు ఆ ఉపన్యాసం మధ్యలో అరనిమిషం మెరిసి మాయమవుతాయి. కోర్సు గడువు తీరి అమ్మకం ఆగిపోతే వాటిని విడిగా తీసి భద్రపరిచే బాధ్యత ఎవరి మీదా ఉండదు. డెన్నీ-బ్రౌన్ రీళ్లు బతికి బయటపడ్డాయి గానీ, ఇలా పోయినవి ఎన్నో ఉండి ఉంటాయి.

వినడం వల్ల డాక్టరు పని తీరు మారుతుందా అన్నది ఇంకో ప్రశ్న. కెనడాలో డేవ్ డేవిస్, ఆయన సహచరులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలను క్రోడీకరించి 1999లో జామా పత్రికలో ప్రకటించిన వ్యాసం దీనికి సూటిగా జవాబు చెప్పింది. కూర్చుని వినే ఉపన్యాసాల వల్ల వైద్యుడి ఆచరణ మారినట్టు కనపడలేదు. ప్రశ్నలు, కేసుల చర్చ, చేసి చూడటం ఉన్న కోర్సుల వల్ల మారింది. రికార్డు పాఠాలకు ఇది గట్టి దెబ్బే. అయితే న్యూరాలజీలో రికార్డుకున్న అనుకూలత కూడా ఇక్కడే ఉంది. వీడియోలో రోగిని చూపించి, అక్కడ ఆపి, ‘ఏ జబ్బు, ఏం చూసి చెప్పారు’ అని అడగవచ్చు. చూసేవాడు తన జవాబు రాశాకే తర్వాతి ముక్క తెరుచుకోవాలి. షార్కో మంగళవారం చేసింది దాదాపు ఇదే. వైద్య విద్యార్థుల్లో న్యూరాలజీ అంటే ఉన్న జంకుకు 1994లో రాల్ఫ్ జోజెఫోవిచ్ ‘న్యూరోఫోబియా’ అని పేరు పెట్టాడు. నరాల నిర్మాణ శాస్త్రాన్ని రోగి నుంచి విడదీసి బట్టీ పట్టించడం ఆ జంకుకు ఒక కారణమని ఆయన వాదన. తలకాయ, స్లైడు తప్ప ఇంకేమీ కనిపించని గంటపాటి వీడియో ఆ జంకును పోగొట్టదు.

కెమెరాకు అందని సంగతులూ ఉన్నాయి. పార్కిన్సన్స్ వణుకు సెకనుకు 4 నుంచి 6 సార్లు ఉంటుంది, మూగ సినిమా కాలపు 16 చట్రాలకే అది చక్కగా దొరికింది. నిలబడ్డప్పుడు మాత్రమే కాళ్లలో వచ్చే ఒకరకం వణుకు సెకనుకు 13 నుంచి 18 సార్లు ఉంటుంది. సెకనుకు 25 చట్రాలు తీసే వీడియోలో అంత వేగం సరిగా నిలవదు, చూసేవాళ్లకు రోగి నిలబడటానికి ఇబ్బంది పడుతున్నాడని మాత్రమే అనిపిస్తుంది. తొడ మీద స్టెతస్కోపు పెడితే హెలికాప్టర్ చప్పుడు వినిపిస్తుంది, దానితో నిర్ధారణ అయిపోతుంది. ఇంటర్నెట్టు నెమ్మదించి చట్రాలు తప్పిపోతే, రెప్పపాటులో వచ్చిపోయే కండరపు అదురు మొత్తంగా మాయమవుతుంది. చేతి బిగుతు, ఎదురొత్తిడి, మోకాలి రిఫ్లెక్స్‌లోని చురుకు వేళ్లకు తెలియాల్సినవే. వాటి కోసం వార్డులో రోగి మంచం పక్కన, పెద్ద డాక్టరు చెయ్యి తన చేతి మీద ఉండగా నేర్చుకోవడం తప్ప మార్గం లేదు.

ఇండియాలో 1951లో మద్రాసులో జాకబ్ చాందీ, బి.రామమూర్తి, ఎస్.టి.నరసింహన్, బల్దేవ్ సింగ్ కలిసి న్యూరలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా స్థాపించారు. చాలాకాలం నిరంతర విద్య అంటే ఏడాదికోసారి రైలెక్కి సభకు వెళ్లడమే. దూరపాఠం మన వైపు ఉపగ్రహం మీద వచ్చింది. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ నెలకొల్పిన టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించాడు. ఆ సంస్థ టెలిమెడిసిన్ పనిని దశాబ్దాలు నడిపిన కె.గణపతి చెన్నైలో మెదడు శస్త్రవైద్యుడు, ఇది యాదృచ్ఛికం కాకపోవచ్చు. విద్య కోసమే ఉద్దేశించిన ఎడ్యుశాట్ ఉపగ్రహం 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎగిరింది. 2020లో కరోనా వచ్చి టొరంటోలో జరగాల్సిన అమెరికన్ న్యూరాలజీ అకాడమీ వార్షిక సభ రద్దయింది, మన సభలూ ఆన్‌లైన్‌కు చేరాయి. పీజీ ప్రవేశ పరీక్షల కోసం రికార్డు పాఠాలను వేగం పెంచి వినడం అలవాటైన తరమే ఇప్పుడు డీఎం న్యూరాలజీలో ఉంది.

నిబంధన విషయానికొస్తే, అయిదేళ్లకు కనీసం 30 గంటలు సీఎంఈలో పాల్గొనాలని భారత వైద్య మండలి 2002 నియమావళి చెప్పింది. 2020లో ఆ మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నియమావళి ప్రకటించి, అదే నెలలో పక్కన పెట్టింది.

మనవాళ్లకు దొరికే కోర్సుల్లో ఉన్న పెద్ద లోటు గంటల లెక్క కాదు, రోగుల లెక్క. పడమటి దేశాల కోర్సులో మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు బోలెడు ఉపన్యాసాలుంటాయి. తెల్లవారుజామున రెప్పలు వాలిపోయి, మింగలేక, ఒంటి మీద గాటు కూడా కనపడకుండా ఆసుపత్రికి వచ్చే కట్లపాము కాటు రోగి వాటిలో కనిపించడం అరుదు. పురుగుమందు తాగి, గండం గడిచిందనుకున్న మనిషి ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య దిండు మీంచి తల ఎత్తలేకపోతాడు, ఆ వెంటనే ఊపిరి కండరాలు పడిపోతాయి. 1987లో శ్రీలంక వైద్యులు వర్ణించిన ఈ దశను ఒక్కసారి వీడియోలో చూసిన డ్యూటీ డాక్టరు తర్వాత పొరపాటు పడడు. మెదడులో ఒకే ఒక్క గింజలా కనిపించే సిస్టిసర్కోసిస్ మచ్చ మీద వెల్లూరు వైద్యులు చేసిన పని ప్రపంచానికి పాఠమైంది. ఫ్లోరోసిస్ గురించి ఇండియాలో తొలి నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది, 1955లో నల్గొండ జిల్లా రోగులపై సిద్దిఖీ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఎముక పెరిగి వెన్నుపామును నొక్కడంతో మెడ తిప్పలేక, కాళ్లు బిగుసుకుని, మనిషంతా ఒక్కసారిగా తిరిగే ఆ నడక తెలుగు నేల మీద వైద్యులకు కొత్త కాదు. రక్షిత నీరు వచ్చి అటువంటి రోగులు తగ్గుతున్న కొద్దీ, ఆ నడకను చిత్రించి ఉంచే అవకాశమూ తగ్గుతుంది.

చిత్రించాలంటే రోగి ఒప్పుకోవాలి. సాల్‌పెట్రియేర్‌లో హిస్టీరియా రోగి బ్లాంష్ విట్‌మన్‌ను సభలో ప్రదర్శించినప్పుడు, 1887లో ఆంద్రే బ్రూయే ఆ దృశ్యాన్ని చిత్రంగా వేసినప్పుడు ఆమె అనుమతి సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు. మరినెస్కు, చేజ్‌ల చిత్రాల్లో కొందరు రోగులకు ఒంటి మీద బట్ట కూడా ఉండదు. పాత పాఠ్యపుస్తకాల్లో కళ్ల మీద నల్ల పట్టీ వేసి గుర్తుపట్టకుండా చేసేవారు. కంటి కదలికే లక్షణమైన చోట, ముఖ కండరాలే జబ్బు చూపే చోట ఆ పట్టీ పనికిరాదు. అందుకే ఇప్పుడు రాతపూర్వక అంగీకారం తీసుకుంటారు. వీడియో బోధనకే వాడతామా, పత్రికలో ప్రచురిస్తామా, ఇంటర్నెట్టులో అందరికీ కనిపిస్తుందా అన్నది రోగికి అర్థమయ్యే భాషలో విడివిడిగా అడగాలి. మతి తప్పిన రోగి తరఫున ఇంటివాళ్లు సంతకం పెడితే, రోగి కోలుకున్నాక మళ్లీ అడగడం మర్యాద. వార్డులో సొంత ఫోనుతో తీసి వాట్సాప్ గ్రూపులో పంపే వీడియోలకు ఈ జాగ్రత్తలేవీ ఉండవు, అక్కడి నుంచి అవి ఎటు పోతాయో ఎవరి చేతిలోనూ ఉండదు. 2023 నాటి భారత డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం అంగీకారం ఇవ్వడం ఎంత తేలికో దాన్ని వెనక్కి తీసుకోవడం కూడా అంతే తేలికగా ఉండాలి. కోర్సు తయారుచేసే ఆసుపత్రి ఏ వీడియో ఎవరిదో, ఏ పాఠంలో ఏ నిమిషం దగ్గర ఉందో పట్టిక రాసి పెట్టుకుంటేనే, రోగి వద్దన్న రోజున దాన్ని తీసివేయగలుగుతుంది.